మాంగ్ కార్యో గొణుగుడు

మా శాన్ రోకేలో బరంగాయ్ హాలు, అంటే ఊరి హాలు, ఉంది కదా, ఆ హాలు వేదిక మీద ఎడమ మూల... అది మంచిది కాదని ఊళ్ళో అందరికీ తెలుసు.

అక్కడ పెట్టిన బల్బు నెల తిరక్కుండా మాడిపోతుంది. అక్కడ పిల్లి పడుకోదు. ఒకసారి మన ఊరి పెద్ద కెప్టెన్ గారు అక్కడ నిలబడి ఉపన్యాసం మొదలుపెడితే, మైకులోంచి ఎవడో లారీ డ్రైవరు ‘‘ఐసు కరిగిపోతోందిరా, తొందరగా రా’’ అన్నాడట. అందుకే ఆ మూలలో కాలు పెట్టేముందు ఎంతటివాడైనా సరే, ‘‘తాబి తాబి పో’’ అని పెదాలు కదపాల్సిందే. కాస్త పక్కకి జరగండి స్వామీ, చూసుకోకుండా తొక్కేస్తే ఏమనుకోకండి, అని.

ఆ మూలకి ఆనుకునే, గోడ అవతల, కరెంటు స్తంభం. స్తంభం మీద ఇంత బాన లాంటి ట్రాన్స్‌ఫార్మరు. దాని మీద మాత్రం ఎవరికీ ఎప్పుడూ అనుమానం రాలేదు. ట్రాన్స్‌ఫార్మరు గురించి చెబితే రాత్రిళ్ళు పిల్లలు భయపడతారా ఏమన్నా?

ఈ కథ నాకు చెప్పింది లూమింగ్. చేపలు అమ్ముకునే లూమింగే. బంగూస్ చేపకి పొలుసు తీస్తూ చెప్పింది, కత్తి ఆపకుండా. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఎక్కడన్నా ఎక్కువైందనిపిస్తే అది డ్రమ్ములు వాయించే తస్యో కలిపింది అనుకోండి, వాడికా అలవాటు ఉంది.

ఆ ఎడమ మూల బేస్ గిటార్ వాయించేవాళ్ళ చోటు. ఇరవై ఆరేళ్ళు అక్కడ మాంగ్ కార్యో నిలబడ్డాడు. కిద్లాత్ కాంబో అంటే మెరుపు బృందం అన్నమాట. పేరుకి మెరుపేగానీ అందరూ యాభై దాటినవాళ్ళే. ఈ చుట్టుపక్కల ఏ పండగకి ఎవరు ఎగిరినా వీళ్ళ పాటకే ఎగరాలి.

మాంగ్ కార్యో మాట్లాడేవాడు కాదు. గొణిగేవాడు. అన్నం పలుకుగా ఉందని గొణుగుడు, ఎండగా ఉందని గొణుగుడు, తస్యో తాళం పరిగెడుతోందని గొణుగుడు. ఇంట్లో గొణుగుడు మరీ శ్రుతి మించితే ఆయన పెళ్ళాం ఆలింగ్ సెపా కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చి, చెవి పట్టుకునేది. అంతే. టక్కున ఆగిపోయేవాడు. ఇది వీధివీధంతా చూసిన సంగతే.

ఆయనకి ఇంకొక జబ్బు కూడా ఉండేది. పాట అయిపోయి, అందరూ చేతులు దించేశాక, తను మాత్రం ఒక్క దెబ్బ ఎక్కువ వాయించేవాడు — దూమ్. తస్యో నిజంగా ఆపాడో లేదో ఆయనకి నమ్మకం కుదిరేది కాదట. ఆ దూమ్ వినగానే ముందు వరసలోంచి ఆలింగ్ సెపా, ‘‘లేటు’’ అనేది. జనం నవ్వేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు ప్రతి పాటకీ ఇదే తంతు.

పోయిన మే నెలలో పూల పండగ రాత్రి ఏం జరిగిందంటే... మాంగ్ కార్యో వంత పాడదామని మైకు మీదికి వంగాడు. చేతులు తీగల మీదున్నాయి, పెదవి మైకుకి తగిలింది. అంతే — చిటుక్కుమంది. మనిషి అడుగు వెనక్కి పడ్డాడు. పెదవి సమోసాలా వాచింది.

గిటార్ వాయించే ఇంగ్గో ఆ బృందానికి పెద్ద. తెలిసినా తెలియకపోయినా తీర్పు చెప్పేది అతనే. ‘‘ఈ బేస్‌కి ఎర్త్ అయింది’’ అని చెప్పేశాడు.

ఆ తర్వాత ఆరు రోజులకి, ఆదివారం మధ్యాహ్నం, మాంగ్ కార్యో కడుపునిండా తిని, ఉక్కపోత మీద కాసేపు గొణిగి, పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. గుండె అన్నాడు డాక్టరు. పెదవి వాపు అప్పటికే తగ్గిపోయింది కూడా.

నలభై రోజులూ గడిచాయి. ప్రార్థనలయ్యాయి, భోజనాలయ్యాయి. నలభై దాటితే ఆత్మ వెళ్ళిపోతుందంటారు. వెళ్ళిపోయాడనే అందరూ అనుకున్నారు.

అప్పుడు ఆలింగ్ సెపా ఆ బేస్ గిటార్‌ని గుడ్డలో చుట్టి తీసుకొచ్చి ఇంగ్గో ముందు పెట్టింది. ‘‘దీన్ని లూమింగ్ వాయిస్తుంది’’ అంది.

ఇంగ్గో నోరు వెళ్ళబెట్టాడు. ‘‘ఏ లూమింగ్? చేపల లూమింగా?’’

అవును, చేపల లూమింగే. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. అయిదేళ్ళుగా బజారు కట్టేశాక రోజూ మాంగ్ కార్యో పెరటి వసారాలో కూర్చుని నేర్చుకుంటోంది. ఆ సంగతి ఆ ఇంటి గోడలు దాటలేదు. పొద్దున నాలుగింటికి లేచి చేపలు కొయ్యడం, మధ్యాహ్నం లెక్క చూసుకోవడం, ఇదే బతుకు అనుకున్న మనిషికి ఆ వసారాలో ఇంకో బతుకు దొరికింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ వేదిక మీద నిలబడి వాయించాలని ఆమెకి ఎంత కోరికంటే... ‘‘నోరు తెరిచి ఎవరికన్నా చెబితే అది కాస్తా పోతుందేమోనని భయం’’ అంది నాతో.

ఇంగ్గో గడ్డం గోక్కున్నాడు. ‘‘సరే, రేపు సాయంత్రం రా. చూద్దాం.’’

మర్నాడు చీకటి పడుతుండగా లూమింగ్ ఎడమ మూల దగ్గరికి వచ్చింది. తాబి తాబి పో అనుకుంది. బెల్టు భుజానికి తగిలించుకుంది. వైరు తెచ్చి బేస్‌కి గుచ్చింది, స్పీకర్ పెట్టె మీట వేసింది. ఇంకా తీగ ముట్టుకోలేదు...

‘‘మ్‌మ్‌మ్‌మ్‌మ్...’’

సన్నగా, బొంగురుగా, ఆగకుండా. గొంతులో అన్నం ముద్ద పెట్టుకుని ఎవరో విసుక్కుంటున్నట్టు.

తస్యో చేతిలోంచి ఒక కర్ర జారి దొర్లుకుంటూ వెళ్ళి ఇంగ్గో కాలికి తగిలింది. ఎవరూ దాన్ని తియ్యలేదు.

‘‘ఆయనే,’’ అన్నాడు తస్యో గుసగుసగా. ‘‘పలుకన్నం గొణుగుడు అది. నాకు తెలుసు.’’

లూమింగ్ అరచెయ్యి తీగల మీద ఆనించింది. ఆనిస్తే ఆగాలి. మాంగ్ కార్యో వసారాలో ఆగేది. ఇప్పుడు ఆగలేదు సరికదా, ఇంకొంచెం పెరిగింది. ముట్టుకోవద్దు అన్నట్టు.

చెయ్యి తీసేసి, శబ్దం తగ్గిద్దామని వాల్యూం తిప్పే స్టీలు బొడిపె పట్టుకుంది. ఇంకా తిప్పలేదు, ఊరికే పట్టుకుంది.

గొణుగుడు టక్కున ఆగిపోయింది.

ఆమె వేళ్ళు వదిలింది... మ్‌మ్‌మ్‌మ్. మళ్ళీ పట్టుకుంది... నిశ్శబ్దం.

‘‘చెవి,’’ అన్నాడు తస్యో. ‘‘చెవి పట్టుకుంది. అందుకే ఆగాడు.’’

ఆ రాత్రి ఊరు ఊరంతా ఇదే మాట. మాంగ్ కార్యో వెళ్ళలేదు. బేస్‌లో దూరాడు. చేపలమ్మి వాయించడం ఆయనకి ఇష్టం లేదు.

ఈ చివరి మాట లూమింగ్‌కి ముల్లులా గుచ్చుకుంది. దెయ్యం ఉందంటే ఉండనీ. తన గురువు, తను వాయించడం ఇష్టంలేక గొణుగుతున్నాడంటే మాత్రం ఆమెకి ఏడుపొచ్చింది.

ఇంగ్గో తేల్చి చెప్పేశాడు. ‘‘చూడు లూమింగ్. ఆగస్టు పదిహేను, ఊరి పండగ ముందు రాత్రి ఆట. అప్పటిలోగా ఈ గొణుగుడు పోవాలి. పోతే నువ్వు వాయిస్తావు. పోకపోతే లుసేనా పట్నం నుంచి కీబోర్డు వాణ్ణి పిలుస్తా. వాడు ఎడమచేతి రెండు వేళ్ళతో బేస్ లాగించేస్తాడు. బేస్‌ని ఆలింగ్ సెపా ఇంటికి పంపించేద్దాం, గోడకి తగిలించుకుంటుంది.’’

‘‘రెండు వేళ్ళతోనా, కుయా?’’ అంది లూమింగ్. పెద్దన్న లాంటివాణ్ణి కుయా అంటాం.

‘‘రెండు వేళ్ళతోనే. కానీ వాడి వేళ్ళు గొణగవు.’’

నెల రోజుల గడువు. మాంగ్ కార్యో ఆమెకి పాఠాలతో పాటు ఇంకోటి కూడా నేర్పాడు. ‘‘పిచ్చి శబ్దం వస్తే దేవుణ్ణి పిలవకు. ఒక్కొక్కటే మార్చి చూడు. రెండు ఒకేసారి మార్చావా, దొంగ ఎవడో తెలీదు’’ అనేవాడు. గొణుగుతూనే అనేవాడనుకోండి.

సరే, ఒక్కొక్కటే మార్చింది. ముందు వైరు మార్చింది. కొత్త వైరులోంచీ గొణుగుడే. చర్చిలో పాటల అమ్మాయిల్ని బతిమాలి వాళ్ళ స్పీకర్ పెట్టె తెచ్చింది. అందులోంచీ గొణుగుడే, పైగా పెట్టె మంచిది కావడంతో ఇంకాస్త స్పష్టంగా. కుడి మూలకి వెళ్ళి నిలబడింది. అక్కడా గొణిగింది, కానీ కాస్త మర్యాదగా.

‘‘చూశావా?’’ అన్నాడు తస్యో. ‘‘తన మూల అయితేనే గట్టిగా.’’

ట్యూబులైట్లు తీయించింది. గొణుగుడు కొంచెం తగ్గింది గానీ, చీకట్లో అది మరీ దగ్గరగా వినిపించి, తస్యో తనే పరిగెత్తి లైట్లు వేసేశాడు.

బేస్‌ని భుజాన వేసుకుని నిలబడ్డచోటే మెల్లగా తిరిగి చూసింది. చర్చి వైపు తిరిగితే గొణుగుడు సన్నబడింది. ఇంకాస్త తిరిగి, జిన్ మందు అమ్మే చిల్లర కొట్టు వైపు మొహం పెడితే — గుయ్యిమని లేచింది.

‘‘బతికున్నప్పుడూ ఇంతేగా,’’ అన్నాడు తస్యో.

ఇదీ వరస. ఆమె ఏది కనిపెట్టినా అది దెయ్యానికే సాక్ష్యం అయి కూర్చునేది.

ఇక పది రోజులుందనగా ఇంగ్గోకి ఓపిక పోయింది. చర్చి నుంచి పవిత్ర జలం సీసాతో తెచ్చాడు. సాయంత్రం ఏడయింది. బేస్ మీద చల్లాడు, మూలలో చల్లాడు. ఇంకా సీసాలో మిగిలాయి కదా అని స్పీకర్ పెట్టె మీద కూడా ధారగా...

ఠాప్.

పెట్టెలోంచి నీలం మెరుపు ఒకటి. హాలంతా చీకటి. కాలిన వాసన.

ఇంగ్గో ఎటు పోయాడో తెలీదు. తస్యో కిటికీలోంచి దూకాడు, అవతల కెప్టెన్ గారి బాతుల దొడ్లో పడ్డాడు. బాతులన్నీ ఒక్కసారిగా అరిచాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

లూమింగ్ పరిగెత్తలేదు. ధైర్యం ఉండి కాదు. భుజాన అంత బరువు వేలాడుతోంది, బెల్టు జడలో ఇరుక్కుంది. ఎడమ మూలలో, చీకట్లో, ఒక్కతే నిలబడిపోయింది.

అప్పుడు వినిపించింది... కిర్ర్.

ప్లాస్టిక్ కుర్చీ. హాలు చివర. ఎవరో కూర్చున్న కుర్చీలోంచి లేస్తున్న చప్పుడు.

ఆ తర్వాత అడుగులు. మెత్తగా. ఒకటి... ఇంకొకటి... తెల్లగా ఏదో కుర్చీల వరసల మధ్యనుంచి ఆమె వైపే వస్తోంది. తాబి తాబి పో అందామంటే ‘తా’ దగ్గరే ఆగిపోయింది.

తెల్లనిది వేదిక అంచున ఆగింది.

‘‘అప్పుడే ఆపేశారేం ఇనేంగ్, నా తల్లీ?’’ అంది. ‘‘ఆయనింకా ఏదో చెబుతున్నాడు కదా.’’

ఆలింగ్ సెపా. తెల్ల నైటీలో.

రోజూ వస్తోందట. తొలి సాయంత్రం నుంచీ. దీపాలు పడని చివరి వరసలో కూర్చుని వినడం, అయ్యాక వెళ్ళిపోవడం. లూమింగ్ ఆమె చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దింపింది. దారిలో అడిగింది, ‘‘భయం వెయ్యట్లేదా మీకు?’’ అని.

‘‘ఆయనంటే నాకు భయమేంటి,’’ అంది ఆలింగ్ సెపా. కాసేపాగి, ‘‘కోపం తగ్గిందేమోనని వింటున్నా’’ అంది.

‘‘కోపమెందుకు ఆయనకి?’’

ముసలావిడ నడక పెంచింది. గుమ్మం దగ్గర, ‘‘పొద్దుపోయింది, వెళ్ళి పడుకో’’ అని తలుపేసుకుంది.

లూమింగ్‌కి ఆ రాత్రి నిద్రపట్టలేదు. తీగలు పట్టుకుంటే పెరుగుతోంది. స్టీలు బొడిపె పట్టుకుంటే ఆగుతోంది. రెండూ ఇనుమే, పట్టుకునేదీ తన చెయ్యే. మరి ఒకదానికి ఒకలా, ఇంకోదానికి ఇంకోలా ఎందుకు?

తెల్లారి బజారులో, పక్క కొట్టువాడు పాత టీవీ ఏరియల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాక్సింగ్ పోటీ వస్తోంది. వాడు పట్టుకుంటే బొమ్మ బాగుంటోంది, వదిలితే చుక్కలు. ‘‘నిన్ను ఇలాగే కట్టేస్తాం ఉండు’’ అని అందరూ వాణ్ణి ఆటపట్టిస్తున్నారు. లూమింగ్ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

మనిషి ఒళ్ళు కూడా ఏరియలే. బేస్‌లో ఇనుమంతా ఒకదానికొకటి ముడిపడి ఉంటే, ఎక్కడ పట్టుకున్నా గొణుగుడు ఆగాలి. బొడిపె దగ్గర ఆగుతోంది, తీగల దగ్గర ఆగట్లేదు. అంటే తీగలకీ మిగతా ఇనుముకీ మధ్య ముడి ఎక్కడో తెగింది.

చేప కొనడానికొచ్చిన ఆవిడ, ‘‘ఇస్తావా, దాంతో మాట్లాడుకుంటావా?’’ అని అడిగేదాకా ఆమె కదల్లేదు.

మధ్యాహ్నం బజారు కట్టేసి, రేడియో కొట్టులో టంకం వేసే కడ్డీ అరువు అడిగి, నేరుగా ఆలింగ్ సెపా ఇంటికి వెళ్ళింది. బేస్ అక్కడే ఉంటుంది, కుట్టుమిషన్ పక్కన. ముసలావిడ వంటింట్లో కాఫీ కాస్తోంది. లూమింగ్ వసారాలో బేస్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, బొడిపెలున్న పలక స్క్రూలు ఒక్కొక్కటే విప్పింది.

పలక లేచింది. లోపల నాలుగు సన్న వైరు తీగలు, దుమ్ము, ఒక సాలీడు. ఇంకా... శాన్ రోకే పునీతుడి బొమ్మ ఉన్న చిన్న పతకం, టేపుతో అంటించి.

తీగలు కట్టే ఇనప పలక దగ్గర్నుంచి వచ్చే నల్ల తీగ మధ్యలో తెగి ఉంది. అరిగి తెగలేదు, కాలి తెగలేదు. కత్తెరతో కోసినట్టు నున్నగా. రెండు కొసలకీ తెల్ల గుడ్డ పేలిక చుట్టి, పైన ఎర్ర దారంతో కట్టు కట్టి ఉంది. వేలికి దెబ్బ తగిలితే కడతామే, అలా. దారం చివర బొత్తాం ముడి.

ఆ ముడి ఆమెకి తెలుసు. ఊళ్ళో సగం జాకెట్లకి ఆ ముడే ఉంటుంది. ఆ క్షణాన తను వేసుకున్నదానికి కూడా ఉంది.

లూమింగ్ తల ఎత్తింది. గుమ్మంలో ఆలింగ్ సెపా, చేతిలో రెండు కాఫీ గ్లాసులు.

‘‘చూసేశావా,’’ అంది.

లూమింగ్ లేచి గ్లాసులు అందుకుంది. ముసలావిడ మెట్టు మీద కూర్చుంది.

‘‘ఎర్త్ అయిందన్నాడు ఇంగ్గో. ఈ నల్లది ఎర్త్ తీగ అని మా ఆయనే ఒకసారి నాకు చూపించాడు. ఎర్త్ ఉంటేనేగా ఎర్త్ కొట్టేది? మళ్ళీ ఆ మైకు ముట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటాడని... ఆ శనివారం రాత్రి ఆయన నిద్రపోతుంటే కోసేశాను. తన సామాను ముట్టుకుంటే ఊరుకోడు, తెలుసుగా నీకు. పొద్దున చెబుదామనుకున్నా. చెప్పలేదు. ఆదివారం భోజనమయ్యాక చెబుదామనుకున్నా.’’

ఆదివారం భోజనమయ్యాక ఏమయిందో ఇద్దరికీ తెలుసు.

‘‘చెప్పకుండా ఆయన నరం కోశాను, ఇనేంగ్. అందుకే గొణుగుతున్నాడు. రోజూ వచ్చి, నేనే కోశానయ్యా, నేనే కోశాను అని చెప్పుకుంటున్నా. తగ్గట్లేదు.’’

తప్పు ఎవరిదని చెబుతుంది లూమింగ్? ఫ్రిజ్ జివ్వుమంటే ఎర్త్ అంటాం, ఇస్త్రీపెట్టె చురుక్కుమంటే ఎర్త్ అంటాం. కాపాడే తీగ పేరూ అదే, కొట్టే దెబ్బ పేరూ అదే. ముసలావిడ దెబ్బని కోద్దామనుకుని తీగని కోసింది.

నోరు మూసుకుని టంకం వేసేసి, ఆయన శాంతించాడు అని చెప్పేస్తే సరిపోయేది. చెబుదామనుకుంది కూడా. కానీ ఆ మెట్టు మీద కూర్చున్న మనిషి మొహం చూస్తూ అబద్ధం రాలేదు.

‘‘ఆలింగ్ సెపా, కరెంటు వచ్చింది బేస్‌లోంచి కాదు. మైకు వైపు నుంచి. ఆయన పెదవి మీదుగా వచ్చి, ఒంట్లోంచి, తీగల్లోంచి, ఈ నల్లదాని వెంట పోయింది. ఇది దారి. మీరు దారి మూసేశారు. ఆయన ఇంకోసారి వాయించి ఉంటే, మీరు కోసినందువల్లే బతికి బయటపడేవాడు.’’

ముసలావిడ వంగి ఆ ఎర్ర దారం కట్టుని వేలి కొసతో ముట్టుకుంది.

‘‘మరి ఈ గొణుగుడో?’’

‘‘ఈ తీగ లేకపోతే బయటి కరెంటు చప్పుడంతా లోపలికొస్తుంది. ఎడమ మూలలో గోడ అవతలే ట్రాన్స్‌ఫార్మరు. దానిదే ఎక్కువ.’’

‘‘అయితే ఆయన కాదా?’’

లూమింగ్ తల అడ్డంగా ఊపింది. ఊపినందుకు ఆమెకే బాధేసింది.

ఆలింగ్ సెపా కాఫీ గ్లాసు తీసుకుంది. ఒక గుక్క తాగింది.

‘‘ఇరవై రోజులు,’’ అంది, ‘‘ట్రాన్స్‌ఫార్మరుకి క్షమాపణ చెప్పుకున్నానన్నమాట.’’

ముందు ఆమే నవ్వింది. తర్వాత లూమింగ్ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ముసలావిడ కళ్ళు ఒత్తుకుంది, ఆ ఒత్తుకోవడం చాలాసేపు ఆగలేదు.

‘‘సరేలే అని ఒక్కమాట అంటాడేమోనని ఆశ,’’ అంది చివరికి. ‘‘అదే కావాలి నాకు, ఇంకేం లేదు. ఇప్పుడు అనేవాడెవడు?’’ ముక్కు చీదుకుంది. ‘‘కానియ్, కలుపు. ఆ దారం పారెయ్యకు, నాకివ్వు.’’

లూమింగ్ దారం విప్పి ఆమె చేతిలో పెట్టింది. రెండు కొసలూ కలిపి టంకం వేసింది. సన్నగా పొగ లేచింది. పతకాన్ని ఉన్నచోటే ఉంచేసింది.

కానీ దారి మళ్ళీ తెరిచాక, దొంగని వదిలేస్తే ఎలా? ఆ సాయంత్రం హాల్లో ఇంగ్గో మైకు పెట్టెని ప్లగ్గు పీకి, తలకిందులు చేసింది. ఇంగ్గో గిలగిల్లాడాడు. అది అతను ప్రాణంలా చూసుకునే పెట్టె, ఇరవై ఏళ్ళనాటిది. వెనకాల, ఇనప రేకుని తాకుతూ, వైరు మీది తొడుగుని ఎలుక కొరికేసి ఉంది. లోపలి రాగి తళతళా మెరుస్తోంది.

‘‘దెయ్యం పళ్ళు చిన్నవే, కుయా,’’ అంది లూమింగ్.

ఇంగ్గో మొహం మాడిపోయింది. మర్నాడు తనే బజారుకెళ్ళి కొత్త వైరు కొనుక్కొచ్చి, కరెంటు మేస్త్రీని పిలిపించి వేయించాడు. పవిత్ర జలం తాగిన స్పీకర్ పెట్టెని కూడా ఆ మేస్త్రీయే బాగుచేశాడు.

ఆ రాత్రి ఎడమ మూలలో లూమింగ్ మీట వేసింది. అందరూ చెవులు రిక్కించారు. తీగ మీద చెయ్యి ఆనించింది...

ఏమీ లేదు. కప్పు మీద బల్లి పాకుతున్న చప్పుడు వినిపించింది.

‘‘పోయాడు,’’ అన్నాడు తస్యో. వాడి గొంతులో కాస్త దిగులు కూడా ఉంది.

హాలు చివర, చీకటి వరసలో, ఆ సాయంత్రం ఎవరూ కూర్చోలేదు.

పండగ ముందు రాత్రి ఆట ఎలా జరిగిందో నన్నడగకండి, నేనూ అక్కడే ఎగురుతున్నాను. ఒకటి మాత్రం చెబుతాను. చేపలు కోసే వేళ్ళకి అంత బలం ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు. అరికాళ్ళలోంచి వచ్చింది ఆ బేస్. కెప్టెన్ గారే చెప్పులు వదిలేసి ఎగిరాడు. కీబోర్డు వాడి ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆలింగ్ సెపా ముందు వరసలో, తన పాత కుర్చీలోనే కూర్చుంది. ప్రతి పాట చివరా ఆమె నోరు అలవాటుగా సగం తెరుచుకునేది. దూమ్ రాదు. లూమింగ్ తాళం తాళంలాగే ఆపేస్తుంది. ముసలావిడ నోరు మళ్ళీ మూసుకునేది.

ఆఖరి పాట అయింది. చప్పట్లయ్యాయి. జనం పల్చబడ్డారు, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి వేస్తున్నారు. ఇక్కడి నుంచి లూమింగ్ చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

ఆమె స్పీకర్ మీట తీసేసింది. వైరు పీకింది. బేస్‌ని ఎడమ మూలలో గోడకి ఆనించింది. వైరు మోచేతికి చుట్టుకుంటూ నాలుగడుగులు ఇవతలికి వచ్చింది. ఇంగ్గో తన గిటార్ పెట్టెలో పెడుతున్నాడు. తస్యో డ్రమ్ముల మీది ఇత్తడి పళ్ళెం విప్పుతున్నాడు. మూల దగ్గర ఎవరూ లేరు.

ఆలింగ్ సెపా మెల్లగా మెట్లెక్కి వచ్చింది. బేస్ ముందు ఆగి, ఒక్కసారి ఆ స్టీలు బొడిపెని రెండు వేళ్ళతో పట్టుకుంది. ‘‘వినేవాడివో, వినవో,’’ అంది చాలా నెమ్మదిగా. ‘‘నేనే కోశానయ్యా. చెబుదామనే అనుకున్నా.’’

వదిలేసింది. సమాధానం కోసం ఆగలేదు. వెనక్కి తిరిగి, మెట్లు దిగి, మూడు వరసలు దాటింది.

దూమ్.

పెద్దగా కాదు. స్పీకర్ లేని తీగ ఎంత మోగుతుందో అంతే. కానీ ఒక్కటే దెబ్బ, గుండ్రంగా, అన్నీ అయిపోయాక.

లూమింగ్ తిరిగి చూసింది. మూలలో ఎవరూ లేరు. వైరు తన మోచేతికే ఉంది. బేస్ గోడకి ఆనించినచోటే ఉంది. లావుపాటి తీగ ఒక్కటే ఇంకా సన్నగా వణుకుతోంది.

తస్యో అప్పటికే కిటికీ దాటాడు. బాతులు అరిచాయి. ఇంగ్గో కళ్ళు మూసుకుని తాబి తాబి పో, తాబి తాబి పో అంటున్నాడు.

ఆలింగ్ సెపా మాత్రం ఆగింది. తల తిప్పలేదు. పమిటలా కప్పుకున్న తువ్వాలు భుజం మీద సర్దుకుంది. ఆమె భుజాలు ఒకసారి పైకి లేచి, కిందికి దిగాయి, చాలా రోజులుగా మోస్తున్నదేదో దించినట్టు.

‘‘లేటు,’’ అంది.

ఇంటికి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.